పుట్టుకా? పెంపకమా? - జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం



వార్షికోత్సవ సంచిక అంటే ఒక మహనీయుని జీవిత చరిత్ర ఉండాల్సిందే. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి మనం ఎన్నోసార్లు చదువుకున్నాం, వ్యాసరచన పోటీల్లో రాశాం. ఈసారి ఒక శాస్త్రవేత్త జీవితం చెప్పుకుందాం. ఆయన ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడిగా మరణించారు. మరణం తర్వాత ఆయన దేహం మన కాకినాడకు చేరింది. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకం ఆయనను జె.బి.ఎస్. హాల్డేన్ అని పిలిచింది.

ఒక జీవి లక్షణాలు పుట్టుకతో వస్తాయా, పెంపకంతో వస్తాయా అన్నది చాలా పాత ప్రశ్న. కోడి విషయంలో అడిగితే అది పౌల్ట్రీ పాఠం. మనిషి విషయంలో అడిగితే మాత్రం అందులో చాలామంది బతుకులు ఇమిడి ఉంటాయి. హాల్డేన్ ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు చెప్పారు. అందుకే మన హాస్టల్ పిల్లలు ఆయన గురించి తెలుసుకోవాలి.

బొగ్గు గనిలో మొదటి పాఠం

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద పరిశోధన చేసిన పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో పేలుళ్లు జరిగినప్పుడు కార్మికులు ఎక్కువగా మంటల వల్ల కాక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల చనిపోతున్నారని 1896లో నిరూపించింది ఆయనే. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. దాన్ని ముందే కనిపెట్టడానికి గనిలోకి చిన్న పక్షులను తీసుకువెళ్లమని సలహా ఇచ్చిందీ ఆయనే. ఆ సలహా వల్లే పంజరంలో కేనరీ పిట్టను పట్టుకుని గనిలోకి దిగే పద్ధతి వచ్చింది. చిన్న పిట్ట ఒంట్లో జీవక్రియలు మనిషికంటే చాలా వేగంగా జరుగుతాయి. అది గాలిని కూడా ఎక్కువగా పీలుస్తుంది. అందువల్ల మనిషికి తల తిరగడం మొదలు కాకముందే పిట్ట కొమ్మ మీద నుంచి పడిపోతుంది. దాన్ని చూసి కార్మికులు బయటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకునేవారు. బ్రిటన్ గనుల్లో ఈ పద్ధతి 1986 దాకా సాగింది.

తండ్రి కొడుకును కూడా గనుల్లోకి తీసుకువెళ్లేవారు. ఒకసారి మీథేన్ నిండిన చోట పిల్లవాణ్ణి నిలబెట్టి షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొంచెం చెప్పగానే పిల్లవాడికి ఊపిరి అందక కాళ్లు తేలిపోయి నేల మీద పడ్డాడు. మీథేన్ తేలిక వాయువు కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది, నేల దగ్గర గాలి బాగానే ఉంటుంది. పడిన కాసేపటికి తేరుకున్నాడు. ఆ పాఠాన్ని ఆయన జీవితాంతం మరచిపోలేదు.

చదువు ఈటన్ అనే పెద్దింటి పిల్లల బడిలో సాగింది. అక్కడ పెద్ద పిల్లలు ఆయనను చాలా ఏడిపించారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో గణితంలోనూ, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యంలోనూ ప్రథమ శ్రేణిలో నెగ్గారు. సైన్సులో మాత్రం ఆయనకు డిగ్రీ లేదు. ప్రపంచానికి జన్యుశాస్త్రం నేర్పిన మనిషికి ఆ సబ్జెక్టులో పట్టా లేదంటే ఆశ్చర్యమే.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డిగ్రీ లేకపోయినా ఆయన ఇంట్లోనే ప్రయోగశాల ఉంది. పక్కన తండ్రి ఉన్నారు. 1901లో, ఎనిమిదేళ్ల వయసులోనే, తండ్రి వెంట వెళ్లి మెండల్ సూత్రాల మీద ఉపన్యాసం విన్నారు. ఆయన చెల్లెలు నవోమి కూడా అదే తల్లిదండ్రుల బిడ్డ, అదే ఇంట్లో పెరిగింది, అన్నతో కలిసి ప్రయోగాలు చేసింది. కానీ ఆడపిల్ల అని చిన్నతనంలోనే బడి మాన్పించి ఇంట్లో చదువు చెప్పించారు. ఆమె తర్వాత నవోమి మిచిసన్ పేరుతో గొప్ప రచయిత్రి అయ్యారు కానీ శాస్త్రవేత్త కాలేదు. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరికీ దొరికిన పరిసరం ఒకటి కాదు.

గినీపందులు, ఎలుకలు, యుద్ధం

మెండల్ బఠానీ మొక్కల మీద చేసిన పరిశోధన 1866లో అచ్చయినా ఎవరూ పట్టించుకోలేదు. 1900లో అది మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఆ సూత్రాలు జంతువులకు కూడా వర్తిస్తాయని మొదట చూపిన వాటిలో కోడి ఒకటి. విలియం బేట్సన్ అనే శాస్త్రవేత్త కోళ్ల తల మీది ఎర్రటి జుట్టు ఆకారాలను తీసుకుని, అవి కూడా మెండల్ లెక్క ప్రకారమే పిల్లలకు వస్తాయని చూపించారు. గులాబీ ఆకారం జుట్టున్న కోడిని బఠానీ ఆకారం జుట్టున్న కోడితో కలిపితే, పిల్లలకు రెండూ కాని మూడో రకం, అక్రోటు కాయ లాంటి జుట్టు వచ్చింది. ఒక లక్షణాన్ని రెండు జన్యువులు కలిసి తయారు చేయగలవని ఆ కోళ్లు చెప్పాయి.

హాల్డేన్, నవోమి ఇంట్లో గినీపందులను, ఎలుకలను పెంచి ఇలాంటి లెక్కలే కట్టారు. మిత్రుడు స్ప్రంట్‌తో కలిసి అన్నాచెల్లెళ్లు రాసిన వ్యాసం 1915లో అచ్చయింది. ఎలుకల్లో రెండు జన్యువులు విడివిడిగా కాక కలిసి పిల్లలకు వెళతాయని అందులో చూపారు. దీన్నే మనం పాఠాల్లో సహలగ్నత అని చదువుకుంటాం. క్షీరదాల్లో దీనికి ఇదే తొలి ఆధారం. ఆ వ్యాసం వచ్చిన ఏడాదే స్ప్రంట్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు.

హాల్డేన్ కూడా సైన్యంలో చేరారు. ఫ్రాన్సులో ఒకసారి, మెసపటేమియాలో ఒకసారి గాయపడ్డారు. రెండోసారి గాయం మానడానికి ఆయనను భారతదేశానికి పంపారు. అలా మొదటిసారి మన దేశాన్ని చూశారు. తెల్లదొరగా కాక ఇక్కడి మనుషులతో సమానంగా బతకగలిగిన రోజున మళ్లీ రావాలని అప్పుడే అనుకున్నారు. అది నలభై ఏళ్ల తర్వాత నెరవేరింది.

కోళ్లు, పురుగులు చెప్పిన లెక్కలు

యుద్ధం తర్వాత కొన్నాళ్లు ఆక్స్‌ఫర్డ్‌లో, 1923 నుంచి కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు. 1921లో కోళ్లలో సహలగ్నత మీద చిన్న వ్యాసం రాశారు. ఆ మరుసటి ఏడాది, 1922లో, ఆయన పేరు నిలబెట్టిన సూత్రం వచ్చింది. ఇప్పటికీ దాన్ని హాల్డేన్ సూత్రం అనే పిలుస్తారు.

దాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. మనుషుల్లో ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. పక్షుల్లో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యు. రెండు వేర్వేరు జాతులు కలిసినప్పుడు పుట్టే సంకర సంతానంలో ఒక లింగం వారు అసలు పుట్టకపోయినా, తక్కువగా పుట్టినా, గొడ్డుబోయినా, అది చాలావరకు రెండు రకాల క్రోమోజోములున్న లింగమే అవుతుంది. క్షీరదాల్లో మగవి, పక్షుల్లో ఆడవి. కంచరగాడిదల్లో మగవి ఎప్పుడూ గొడ్డువే. ఆడవి మాత్రం ఎక్కడో అరుదుగా ఈనిన సందర్భాలున్నాయి. జాతులు ఎలా విడిపోతాయో చదివే వారందరికీ వందేళ్ల తర్వాత కూడా ఈ సూత్రం పనికివస్తోంది.

1924 నుంచి ఆయన ప్రకృతి వరణాన్ని గణితంగా మార్చే పని మొదలుపెట్టారు. బలమైనది బతుకుతుంది అని నోటితో చెప్పడం వేరు, ఎంత బలం ఉంటే ఎన్ని తరాల్లో ఎంత మార్పు వస్తుందో లెక్క కట్టడం వేరు. మాంచెస్టర్ ప్రాంతంలో ఒక రకం తెల్లమచ్చల సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు ఉండేది. 1848లో అక్కడ మొదటి నల్ల పురుగు కనిపించింది. 1900 నాటికి దాదాపు అన్నీ నల్లవే. ఫ్యాక్టరీల పొగకు చెట్ల బెరడు నల్లబడింది. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు రావాలంటే, నల్ల పురుగు తెల్ల పురుగు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ సంతానం మిగుల్చుకుని ఉండాలని హాల్డేన్ లెక్క కట్టారు. చాలామంది నమ్మలేదు. బెరడు రంగులో కలవని పురుగును పక్షులు ఏరుకుని తింటున్నాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఇంగ్లండులో గాలి శుభ్రపడ్డాక నల్లవి తగ్గిపోయి తెల్లవి మళ్లీ పెరిగాయి. జన్యువులు అవే, చెట్టు రంగు మారింది, మంచి చెడులు తారుమారయ్యాయి.

1949లో ఇలాంటిదే మరో ఊహ చేశారు. మధ్యధరా సముద్ర ప్రాంతాల్లో తలసీమియా అనే రక్తవ్యాధి జన్యువు అంత ఎక్కువగా ఎందుకుంది? ఒక్క జన్యువే ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ దొరుకుతూ ఉండవచ్చు అన్నారు. తర్వాత ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో ఇది నిజమని తేలింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ గురించి విన్న తమ్ముళ్లకు ఇది కొత్త కాదు. దోమలు ఉన్నచోట రక్షణ ఇచ్చే జన్యువే దోమలు లేనిచోట వట్టి భారం అవుతుంది.

ఏది మంచి జాతి?

1946లో హాల్డేన్ పుట్టుక, పెంపకాల పరస్పర చర్య మీద ఒక వ్యాసం రాశారు. నా దృష్టిలో హాస్టల్ విద్యార్థులు తెలుసుకోవలసిన అసలు విషయం ఇదే. కోళ్లతో చెప్పుకుంటే సులభంగా అర్థమవుతుంది.

ముందుగా కోడి కాళ్ల రంగు. కొన్ని కోళ్లకు కాళ్లు పసుపు పచ్చగా, కొన్నిటికి తెల్లగా ఉంటాయి. పసుపు రంగు రావాలంటే రెండు కావాలి. ఒకటి, దానికి తగిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. రెండు, తినే తిండిలో ఆ రంగు పదార్థం ఉండాలి. అది పచ్చ మొక్కజొన్నలో, ఆకుకూరల్లో ఉంటుంది. జన్యువున్న కోడికి వట్టి నూకలే వేసి పెంచితే కాళ్లు పాలిపోతాయి. జన్యువు లేని కోడికి ఎంత మొక్కజొన్న వేసినా పసుపు రాదు.

ఇప్పుడు రెండు ఊళ్లు అనుకుందాం. మొదటి ఊళ్లో అందరూ మొక్కజొన్నే వేస్తారు, కోళ్లు మాత్రం రకరకాలు. అక్కడి రైతు కాళ్ల రంగు పూర్తిగా వంశాన్ని బట్టే అంటాడు. రెండో ఊళ్లో కోళ్లన్నీ ఒకే జాతి, దాణా మాత్రం ఇంటికో రకం. అక్కడి రైతు రంగంతా తిండిని బట్టే అంటాడు. ఇద్దరూ కళ్లతో చూసిందే చెబుతున్నారు. కానీ ఒకరి ఊరి మాట ఇంకొకరి ఊరికి చెల్లదు. లక్షణంలో వంశం ఎంత శాతం, పరిసరం ఎంత శాతం అని అడిగితే అన్ని ఊళ్లకూ సరిపడే జవాబు ఒకటి లేదు. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలు కూడా ఇంతే. వాటి గులాబీ రంగు తిండి నుంచి వస్తుంది, పిల్లలుగా ఉన్నప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి. అలాగని అదే తిండి కొంగ తింటే గులాబీ రంగుకు మారదు.

రెండో ఉదాహరణ బ్రాయిలర్, నాటుకోడి. షెడ్డులో లెక్క ప్రకారం దాణా, నీళ్లు, మందులు ఇస్తే బ్రాయిలర్ ఆరు వారాల్లో సుమారు రెండు కిలోలు తూగుతుంది. నాటుకోడి అదే షెడ్డులో, అదే దాణాతో దాని దరిదాపుకు రాదు. కాబట్టి బ్రాయిలర్ మంచి జాతి అనవచ్చా? రెండింటినీ తీసుకెళ్లి పల్లెలో పెరట్లో వదలండి. గింజలు ఏరుకోవాలి, పురుగులు కెలుక్కోవాలి, గద్ద నీడ పడితే పొదలోకి దూరాలి. ఇక్కడ నాటుకోడి బతికి పిల్లల్ని లేపుతుంది. బ్రాయిలర్ తన బరువు తానే మోయలేక ఎండకు సొమ్మసిల్లుతుంది. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అనే రకాలను ప్రత్యేకంగా తయారు చేసింది అందుకే.

మూడోది మెడ మీద ఈకలు లేని కోడి. చూడటానికి బాగుండదని కొందరు కొనరు. దానికి కారణం ఒకే ఒక జన్యువు. ఆ జన్యువు ఒకటి ఉందా రెండున్నాయా అన్నదాన్ని బట్టి ఒంటి మీద ఈకలు దాదాపు 20 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి. ఎండలు మండే చోట ఒంటి వేడి త్వరగా బయటికి పోతుంది కాబట్టి ఇవి మామూలు కోళ్ల కంటే బాగా ఎదుగుతాయి. చలి ప్రదేశంలో మాత్రం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే తిన్నదంతా ఖర్చవుతుంది. ఒకే జన్యువు ఒకచోట వరం, ఒకచోట శాపం.

హాల్డేన్ దీన్ని లెక్కలోకి దించారు. రెండు జాతులు, రెండు పరిసరాలు తీసుకుంటే నాలుగు ఫలితాలు వస్తాయి. ఆ నాలుగింటినీ ఎక్కువ నుంచి తక్కువకు 24 రకాలుగా పేర్చవచ్చు. జాతుల పేర్లు, చోట్ల పేర్లు తారుమారు చేస్తే వచ్చేవాటిని ఒకటిగా లెక్కిస్తే 6 రకాలు మిగులుతాయి. కొన్నిటిలో ఒక జాతి రెండు చోట్లా ముందుంటుంది. కొన్నిటిలో చోటు మారితే వరుస తిరగబడుతుంది. పది జాతులు, పది పరిసరాలు అయితే ఇలాంటి రకాల సంఖ్య 7 పక్కన 144 సున్నాలు పెట్టినంత! అంటే చోటు చెప్పకుండా ఏది మంచి జాతి అని అడగడమే సగం ప్రశ్న. ఒక్క చోట పరీక్ష పెట్టి అన్ని చోట్లకూ తీర్పు చెప్పడం లెక్క తెలియనితనం.

ఆయన జన్యువులు లేవనలేదు. అందరూ ఒకటే అనీ అనలేదు. ఒకరికీ ఒకరికీ పుట్టుకతో తేడాలు ఉంటాయనే చెప్పారు. కానీ ఆ తేడాలను ఒకే నిచ్చెన మీద మెట్లుగా పేర్చలేమని చెప్పారు.

వంశం పేరుతో రాజకీయం

ఆ రోజుల్లో ఇది కోళ్ల దగ్గర ఆగిన గొడవ కాదు. యూజెనిక్స్ అనే పేరుతో, పేదవాళ్లు పుట్టుకతోనే తెలివి తక్కువవాళ్లు, వాళ్లు పిల్లల్ని కనడం తగ్గించాలి అనే వాదం యూరపు, అమెరికాల్లో బలంగా ఉండేది. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల చట్టాలు చేశారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం జర్మనీలో అలాంటి చట్టమే తెచ్చింది. అది ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు.

హాల్డేన్ 1938లో వంశపారంపర్యం, రాజకీయాల మీద ఒక పుస్తకం రాసి ఈ వాదాన్ని ఎదిరించారు. అన్నం సరిగా లేని ఇంటి పిల్లను, అన్నీ అమరిన ఇంటి పిల్లను ఒకే పరీక్షలో కూర్చోబెట్టి, వచ్చిన తేడాను రక్తానికి అంటగట్టడం శాస్త్రం కాదని వాదించారు. ఆపరేషన్ల వల్ల ఆశించిన ఫలితం కూడా రాదని ఈ లెక్కలే చెబుతాయి. పదివేలలో ఒకరికి వచ్చే అంతర్గత లక్షణం ఉందనుకుందాం. అది బయటపడిన వారెవరికీ పిల్లలు లేకుండా చేసినా, ఆ సంఖ్య సగానికి తగ్గడానికి 41 తరాలు, అంటే సుమారు వెయ్యేళ్లు పడుతుంది. ఎందుకంటే జన్యువు ఎక్కువ భాగం ఏ రోగమూ లేని మామూలు మనుషుల్లో దాగి ఉంటుంది.

ఆయన మాటలతో ఆగే మనిషి కాదు. శరీరం మీద వాయువుల ప్రభావం తెలుసుకోవడానికి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, కారణం తెలుసుకోవడానికి ఊపిరాడని గదుల్లో తానే కూర్చున్నారు. ఇలాంటి ప్రయోగాల్లో మూర్ఛ వచ్చి ఆయన వెన్నెముక దెబ్బతింది. కార్మికుల పత్రికలో వందలాది సైన్సు వ్యాసాలు రాశారు.

ఆయన జీవితంలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 1942లో ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరారు. అప్పుడు సోవియట్ రష్యాలో లైసెంకో అనే ఆయన మెండల్ జన్యుశాస్త్రమే తప్పు, పరిసరాన్ని మారిస్తే పంట వంశాన్నే మార్చేయవచ్చు అని ప్రచారం చేశారు. ఒప్పుకోని శాస్త్రవేత్తలు పదవులు పోగొట్టుకున్నారు. మహా శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయారు. హాల్డేన్‌కు నిజం తెలుసు. అయినా పార్టీ మీద అభిమానంతో గట్టిగా ఖండించడానికి ఆలస్యం చేశారు. చివరికి 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు. అంతా పుట్టుకే అనేవారు ఒక రకం నష్టం చేస్తే, పుట్టుక ఏమీ కాదు అనేవారు ఇంకో రకం నష్టం చేశారు. కోడి కాళ్ల లెక్క ఇద్దరికీ వర్తిస్తుంది.

భారతదేశంలో: తుపాకీ లేని పక్షిశాస్త్రం

1957లో హాల్డేన్, ఆయన భార్య, జీవశాస్త్రవేత్త హెలెన్ స్పర్వే ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశారు. ప్రొఫెసర్ మహలనోబిస్ పిలుపు మీద భారత గణాంక శాస్త్ర సంస్థలో చేరారు. ధోవతి, కుర్తా కట్టారు. మాంసాహారం మానేశారు. 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు.

ఇక్కడ ఆయన చూసిన సమస్య ఒకటే. మన దేశంలో విద్యార్థులు ఖరీదైన యంత్రాలు లేవు కాబట్టి పరిశోధన చేయలేమని అనుకుంటున్నారు. కళ్లముందు ఉన్న చెట్టును, పిట్టను మాత్రం చూడటం లేదు. ఆయన దగ్గర చేరిన యువకులకు పట్టాలు ముఖ్యం కాదు, లెక్కపెట్టే ఓపిక ముఖ్యం. రాయ్ అనే శిష్యుడు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. ఒకే చెట్టు, అంటే ఒకే జన్యువులు. అయినా పూలన్నిటికీ రేకులు సమానంగా ఉండవు! పిఠాపురం కుర్రవాడు ద్రోణంరాజు కృష్ణారావు ఇరవై ఏళ్ల వయసులో ఆయన దగ్గర చేరి, చెవుల మీద వెంట్రుకలు పెరిగే లక్షణం మన ఆంధ్ర కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కు ఎలా వస్తుందో పరిశీలించారు. అది వై క్రోమోజోము లక్షణమని అప్పుడు భావించారు, తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. శాస్త్రం అలాగే ముందుకు సాగుతుంది. కృష్ణారావు గారు తర్వాత పేరున్న జన్యుశాస్త్రవేత్త అయి, తన గురువు జీవితం మీద పుస్తకాలు రాశారు.

1959లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో హాల్డేన్ పక్షులను హింస లేకుండా అధ్యయనం చేయడం గురించి ఒక వ్యాసం రాశారు. అప్పటిదాకా పక్షిశాస్త్రం అంటే చాలావరకు తుపాకీతో కాల్చి, చర్మం ఒలిచి, మ్యూజియంలో దాచడం. చచ్చిన పక్షి రెక్క కొలవవచ్చు. కానీ అది గూడు ఎలా కట్టింది, ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి అన్నది బతికున్న పక్షే చెప్పాలి. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, ప్రతిరోజూ అదే సమయానికి వెళ్లే క్రమశిక్షణ ఉంటే చాలు.

సురేశ్ జయకర్ అనే గణితం చదివిన శిష్యుడు అలాగే చేశారు. స్పర్వేతో కలిసి పసుపు తిత్తి ఉన్న తీతువు పిట్ట గూళ్లను పరిశీలించారు. మన ఊళ్లలో తీతువు అరిస్తే అపశకునం అంటారు, దాన్ని ఓపికగా చూసినవారు తక్కువ. అది చెట్టెక్కదు, బీడు నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. అదీ ఎండాకాలంలో! వాళ్ల పరిశీలనలు 1965 నుంచి అదే పత్రికలో వచ్చాయి. రాళ్ల రంగులో కలిసిపోయే గుడ్డు వంశం నుంచి వచ్చింది. కానీ గుడ్డు పొదగబడటం ఆ ఏటి ఎండ, ఆ బీడు, అక్కడ మేసే గొడ్ల కాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. రెండూ కలిస్తేనే పిట్ట.

భువనేశ్వర్ నుంచి కాకినాడకు

కలకత్తా సంస్థను 1961లో వదిలి, 1962లో ఒరిస్సా ప్రభుత్వ ఆహ్వానం మీద భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. ఆ మరుసటి ఏడాది ఆయనకు క్యాన్సర్ అని తేలింది. లండన్‌లో ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రిలో పడుకునే తన జబ్బు మీద హాస్యంగా పద్యం రాసి అచ్చు వేయించారు. పొరపాటున సిగ్గుపడి దాచుకోకుండా త్వరగా డాక్టరు దగ్గరికి వెళ్లమని జనానికి చెప్పడమే దాని ఉద్దేశం.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూశారు. తన దేహాన్ని కాల్చవద్దు, పూడ్చవద్దు, వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని ముందే రాసి ఉంచారు. ఆ ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. బతికినన్నాళ్లూ తన ఒంటి మీద తానే ప్రయోగాలు చేసుకున్న మనిషి, చివరికి తన ఒంటినే తెలుగు పిల్లలకు పాఠంగా ఇచ్చారు.

మనం తీసుకోవలసింది

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా వాళ్లకు చదువు అచ్చిరాదు, అది వాళ్ల రక్తంలో లేదు అనే మాట ఊళ్లో చాలాసార్లు విన్నాను. అప్పుడు కోపం వచ్చేది కానీ జవాబు తెలిసేది కాదు. ఎం.ఎస్సీ.లో జన్యుశాస్త్రం చదివాక జవాబు దొరికింది. మూడు తరాలుగా ఒకే పరిసరంలో, అంటే కూలి పనిలో, దీపం లేని ఇంట్లో ఉంచి చూసి, చదువు రక్తంలో లేదని తేల్చడం, నూకలు మాత్రమే వేసి పెంచిన కోడిని చూసి దాని వంశంలో పసుపు లేదనడం లాంటిదే. మొక్కజొన్న వేసి చూసినవాడే ఆ మాట చెప్పాలి.

మన హాస్టల్ గొప్ప భవనం కాకపోవచ్చు. ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదువుకున్నాం, పప్పు నీళ్లగా ఉందని గొణుక్కున్నాం. అయినా రాత్రి లైటు, స్టడీ అవర్, రోజూ భోజనం, పక్కన చదివే తోటివాడు, ఇవి మన ఇళ్లలో లేని పరిసరం. ఇక్కడి నుంచి టీచర్లు, ఇంజనీర్లు, కానిస్టేబుళ్లు, నర్సులు అయి వెళ్లినవారు ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రుల జన్యువులు మారలేదు, చోటు మారింది.

తమ్ముళ్లూ, ఇంకో సంగతి. ఇది మనకు అనుకూలంగా మాత్రమే వాడుకునే సూత్రం కాదు. మన గదిలో లెక్కలు రానివాడు ఉంటే వాడు మొద్దు అని మనమూ అనకూడదు. వాడికి ఏ చోటు సరిపోతుందో, ఏ రకంగా చెబితే ఎక్కుతుందో ఇంకా ఎవరూ వెతకలేదేమో! అన్నలకు మనవి: మీరు ఎదిగిన ఈ పరిసరం ఇంకా బాగుపడాలంటే మీ చేయి కూడా కావాలి. లైబ్రరీకి నాలుగు పుస్తకాలు ఇచ్చినా, ఆదివారం వచ్చి ఒక పాఠం చెప్పినా అది ఎవరో ఒకరికి మొక్కజొన్న గింజే.

పెరట్లో కోళ్లు, హాస్టల్ వెనక బీడులో తీతువులు, చెట్ల మీద గువ్వలు ఇంకా ఉన్నాయి. ఒక నోటు పుస్తకం తీసుకుని రోజూ పావుగంట వాటిని చూడండి, లెక్క రాయండి. అలా మొదలుపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదని హాల్డేన్ జీవితమే సాక్ష్యం.